శనివారం చూద్దాం: 2004 ఎన్‌బీఏ ఫైనల్స్

ఫ్రెండ్స్, ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్‌లో కలుద్దాం. ఈసారి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో తలపడ్డ లేకర్స్, పిస్టన్స్ జట్లు.

షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ నలుగురు స్టార్లూ ఒకే జట్టులో, లేకర్స్‌లో! పిస్టన్స్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. అయినా ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచి (4-1) కప్పు ఎగరేసుకుపోయారు. మూడో మ్యాచ్‌లో లేకర్స్‌ను 68 పాయింట్లకే కట్టడి చేశారు. ఆ డిఫెన్స్ ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మనం చూసేది ఆ మ్యాచే.

వచ్చేముందు మొదటి రెండు మ్యాచ్‌ల హైలైట్స్ చూసి రండి. రెండోదాంట్లో చివరి క్షణాల్లో కోబీ వేసిన త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బాస్కెట్) మాత్రం వదలొద్దు. లేకర్స్ గెలిచింది ఆ ఒక్క మ్యాచే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. లింక్ 5:50కి పంపుతాను. ఆట కొత్తయితే మొహమాటం వద్దు, రూల్స్ నేను చెప్తాను.

మైక్ మ్యూట్‌లో పెట్టడం మర్చిపోకండి!