గ్రీన్ బిల్డింగ్ ఆడిటర్ ఎంపిక ఇలాగేనా?

సంపాదకులకు,

భవనాలకు గ్రీన్ రేటింగ్ ఇచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. అయినా ఇక్కడ చాలామంది కొటేషన్ ఒక్కటే చూసి, భవనం కరెంటు వాడకాన్ని తనిఖీ చేసే ఆడిటర్‌ను ఖాయం చేసేస్తున్నారు. ఐజీబీసీ అక్రెడిటెడ్ ప్రొఫెషనల్‌కు (ఆ కౌన్సిల్ గుర్తింపు పొందిన నిపుణుడికి) రేటింగ్ పద్ధతి తెలుసు. కరెంటు లెక్క తేల్చడానికి మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) సర్టిఫైడ్ ఎనర్జీ ఆడిటర్ కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోండి. కరెంటు కొలిచే పవర్ అనలైజర్, పైపులో నీటి ప్రవాహం (ఫ్లో) కొలిచే అల్ట్రాసోనిక్ ఫ్లో మీటర్ల క్యాలిబ్రేషన్ (కొలత సరిగా ఉందో లేదో చూసే పరీక్ష) గడువు దాటిందేమో చూడండి. ఫ్లో కొలవకుండా పంపు నేమ్‌ప్లేటు మీది అంకె వేస్తే చిల్లర్ (ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే యంత్రం) లెక్క తప్పుతుంది. వాల్వు సగం మూసి ఉంటే పైపులో నీళ్లు తక్కువే పారతాయి, కానీ నేమ్‌ప్లేటు మీది పెద్ద అంకె వేయడంతో కాగితం మీద చిల్లర్ భేషుగ్గా కనిపిస్తుంది. 12 నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ లాగ్‌బుక్ అడగని ఆడిటర్‌ను నమ్మలేం. ఇక సోలార్ ప్యానెళ్లు అమ్మే సంస్థకే ఆడిట్ అప్పగించడం మరీ విడ్డూరం.

– ఓ ఎనర్జీ ఇంజినీర్, హైదరాబాద్