ఆదివారం గడియారం సెంటర్ దగ్గర కలుద్దాం

అన్నలూ, అక్కలూ, నమస్తే. నిన్న వార్డు కమిటీ లిస్టులో మూడోది నా పేరు. మా నాయకుడు పెన్ను తీసి దాని మీద గీత కొట్టాడు. "జెండాలు కట్టు తమ్మీ, పదవి అడగకు. జనం ఏమనుకుంటరు?" అన్నాడు. పదేళ్లు బూత్ ఏజెంటుగా కూర్చున్నాను. గే అని తెలిసినప్పటి నుంచే ఈ మాటలు. రాత్రంతా నిద్ర లేదు.

జనం అంటే ఎవరు? పొద్దున మా గల్లీ ముసలమ్మ, "నా పెన్షన్ కాగితాలు రాసినోడివి నువ్వే గద బిడ్డా, నిన్నెట్ల తీసేస్తరు?" అని గట్టిగా అడిగింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇద్దరు మగవాళ్లయినా, ఇద్దరు ఆడవాళ్లయినా, మేజర్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న, అలాంటి సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ కేసులో చెప్పింది. మన నల్లగొండ పార్టీ ఆఫీసులకు ఆ మాట ఇంకా చేరలేదు.

ఆదివారం పది గంటలకు కలిసి, అన్ని పార్టీల ఆఫీసులకూ అర్జీ ఇద్దాం. మనలాంటివాళ్లకు కమిటీల్లో చోటు, మున్సిపల్ ఎన్నికల్లో టికెట్టు అడుగుదాం. తమ సంగతి ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు రాకపోయినా పర్లేదు, అర్జీ రాయడంలో సాయం చేయండి. దయచేసి ఎవరి ఫొటోలూ తీయొద్దు, ఈ మెసేజ్ బయట ఫార్వర్డ్ చేయొద్దు.