జీడితోట ఎండిపోతుంటే కొబ్బరి పురుగు బొమ్మా?

సంపాదకుడు గారికి,

మా ఒడిశాలో కాశీనగర్, గుణుపురం వైపు జీడిచెట్లు నిలువునా ఎండిపోతున్నాయని కిందటి వారం మీ జిల్లా పేజీలో వేశారు. వేసినందుకు సంతోషమే. కానీ పక్కన వేసిన బొమ్మ కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగుది. బొమ్మ వరకే అయితే పోనీలే అనుకునేవాళ్లం. కింద అధికారులు చెప్పారంటూ ఇచ్చిన సలహాలు కూడా ఆ పురుగువే: ఆకు మట్టల మొదట్లో నాఫ్తలీన్ గోళీలు పెట్టాలట, పెంటకుప్పలు తిరగేయాలట. జీడిచెట్టుకు మట్టలు, మొవ్వు ఎక్కడున్నాయో ఆ పెద్దలే వచ్చి చూపిస్తే బాగుంటుంది.

జీడిని చంపేది పొడుగు మీసాల పెంకు పురుగు. ఎర్రమట్టి రంగు కలిసిన గోధుమ ఒళ్లు, మగపురుగుకైతే ఒంటికన్నా పొడవైన మీసాలు. కొమ్ము పురుగుతో దీనికి ఏ పోలికా లేదు, చేసే పని కూడా తలకిందులు. కొబ్బరిలో పెద్ద పురుగు మొవ్వును తొలుస్తుంది, దాని పిల్ల పెంటలో బతుకుతుంది, బతికున్న చెట్టు జోలికి రాదు. జీడిలో పెద్ద పురుగు గుడ్లు పెట్టి పోతుంది, అంతే. చెట్టును తినేదంతా బెరడు కింద నెలల తరబడి కూర్చునే తెల్లటి పిల్లపురుగు. మీ సలహా విన్న రైతు పెంటకుప్ప తిరగేస్తూ ఉంటాడు, చెట్టు మొదట్లో పురుగు తన పని తాను చేసుకుపోతుంది.

ఈ మీసాల పురుగుల కుటుంబాన్ని సెరాంబిసిడే అంటారు. ప్రపంచంలో 35,000కు పైగా జాతులున్నాయి. చాలా మట్టుకు అడవిలో చచ్చిన కర్రను మట్టిలో కలిపే పని చేస్తాయి, వాటితో మనకు పేచీ లేదు. పేచీ ఉన్నవాటిని మాత్రం సరిగ్గా పోల్చుకోవాలి. జీడి పురుగు పాత పుస్తకాల్లో ప్లోసీడరస్ ఫెరుజీనియస్, ఇప్పుడు నియోప్లోసీడరస్. ఇది సెరాంబిసినే అనే ఉపకుటుంబంలోది. కోరాపుట్ వైపు సాల అడవుల్లో ఉండే సాల తొలుచు పురుగు, హోప్లోసెరాంబిక్స్, దీనికి దగ్గర చుట్టం. మామిడిని తొలిచే బటోసెరా మాత్రం లామినే అనే వేరే ఉపకుటుంబం. దాని మొహం నిటారుగా కిందికి దిగి ఉంటుంది, బూడిదరంగు ఒంటిమీద మెడ దగ్గర రెండు నారింజ మచ్చలుంటాయి.

ఇదంతా రైతుకెందుకని అడగొచ్చు. మామిడి పురుగు బెరడును తానే కొరికి, ఆ గాటులో గుడ్డు పెడుతుంది. మానులో పైకి, కొమ్మల్లోకి కూడా పోతుంది. జీడి పురుగు గాటు పెట్టదు. మొదట్లో ఉన్న పగుళ్లలో, నేల నుంచి మీటరు ఎత్తు లోపల, బయటపడ్డ వేళ్ల మీద గుడ్లు దాస్తుంది. అందుకే జీడికి చెట్టు మొదట్లో మందు పూస్తే పనిచేస్తుంది, ఆకుల మీద మందు కొడితే పనిచేయదు. లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమకు కొట్టే మందే దీనికీ సరిపోతుందని ఊళ్లలో చెప్పి వెళ్తున్నవారు ఈ ఒక్క తేడా తెలుసుకుంటే రైతుకు ఎంత ఖర్చు తప్పేదో! ఆకు పసుపు రంగుకు తిరిగేసరికి బెరడు చాలావరకు తినేసి ఉంటుంది. చూడాల్సింది పైకి కాదు, కిందికి.

మొదలు చుట్టూ మట్టిని జానెడు లోతు తీసి చూడాలి. చిన్న కన్నాలు, వాటిలోంచి కారిన బంక, నమిలిన పీచు, రంపపు పొట్టు కనిపిస్తే లోపల పురుగున్నట్టే. ఉలితో బెరడు లేపి, సొరంగం ఎటు పోతే అటే పోయి పురుగును బయటకు తీసి చంపాలి. మంచి బెరడును అడ్డంగా చెక్కకూడదు. పురుగు మొదలుపెట్టిన పనిని మన ఉలి పూర్తిచేసిన తోటలూ ఉన్నాయి. చెక్కిన చోట, మొదలు చుట్టూ మీటరు ఎత్తు వరకు, తేలిన వేళ్లకు, లీటరు నీటికి 10 మి.లీ. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందు కలిపి పూసి మట్టి కప్పేయాలి. పురుగు తగలని చెట్లకు లీటరుకు 50 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి పంటకు ముందొకసారి, తర్వాతొకసారి పూస్తే చాలు. పెద్ద పురుగులు జనవరి నుంచి మే వరకు బయటికొస్తాయి, మందు పూయడం ఆ లెక్కకు అందాలి. మొదలు మీద నీడ పరిచే కిందికొమ్మలు తీసి ఎండ తగలనివ్వాలి.

మొదలు చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోతే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాలి. నరికితే సరిపోదు, వేళ్లతో సహా పెకలించాలి, ఎందుకంటే పురుగు వేరులోనే ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లాలో ఒరిగిన తోటల్లో నష్టం రాసుకునేందుకు మనుషులు వచ్చారు. మొదళ్లు తీయించమని, ఎండిన మానును తోటలో పేర్చవద్దని చెప్పినవారేరీ? వంటచెరుకని గట్టు మీద పేర్చిన జీడి కట్టెలోంచి కొత్త పురుగులు లేచి పక్కతోటకు పోతాయి. ఒక్క రైతు శుభ్రం చేసుకుంటే చాలదు. ఊరంతా కలిసి ఏడాదికి రెండుసార్లయినా చేయాలి. అది చేయించాల్సినవారికి మాత్రం జీడిపిక్క రాలే రోజుల్లోనే తోటలు గుర్తొస్తాయి.

కరపత్రాలు పంచామంటారు. పంచారు, ఒడియాలో. ఇక్కడ తెలుగు తప్ప చదవలేని ముసలివాళ్లు ఎందరో. వాళ్ల చేతిలో పెట్టిన ఆ కాగితంలో కార్బరిల్ పొడి పూయమని ఉంది. కార్బరిల్‌ను కేంద్రం 2018లోనే నిషేధించింది. నిషేధించిన మందును సర్కారు కాగితమే చెబుతుంటే దుకాణాల మీద దాడులెందుకు?

మీ పత్రిక వ్యవసాయ పేజీని ఒకప్పుడు కత్తిరించి దాచుకునేవారు. ఇప్పుడు ఏ పురుగు బొమ్మ దొరికితే ఆ పురుగే వేస్తున్నారు. దయచేసి సవరణ వేయండి, సరైన బొమ్మతో, వార్త వచ్చిన పేజీలోనే, అంతే పెద్దదిగా. మూలలో రెండు వాక్యాలు వేస్తే ఎవరూ చూడరు. అధికారులను మళ్లీ అడిగితే కార్బరిల్ పేరు మళ్లీ చెబుతారేమో, అచ్చు వేయకండి.

— ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా