నాన్నకి తోడు నిలిచిన అందరికీ దండాలు

మా నాన్నకి వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఊళ్లో తలా ఒక మాట అనుకుంటున్నారని ఆయనే రాసెయ్యమన్నారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయిపోయాయి. మళ్లీ కొబ్బరితోటలో కాయలు దింపే కార్మికుల మీద కేకలు మొదలెట్టారు.

మొదటి దండం మా ఏఎన్ఎం అక్కకి. బీపీ చూడ్డానికొచ్చి, అరుగు మీద లుంగీతో కూర్చున్న నాన్నని చూసి "బాబాయ్ గారూ, ఆ చనుమొన లోపలికి పోయిందేంటండీ?" అంది. "మట్ట తగిలిందిలే అమ్మా, నొప్పేం లేదు" అన్నారీయన. "నొప్పి లేదు కాబట్టే పెద్ద డాక్టరుకి చూపించమంటున్నా" అని, వెళ్లేదాకా వదల్లేదు. చనుమొన కింద చింతగింజంత గట్టి గడ్డ ఉంది.

కాకినాడలో స్కానింగ్ గది ముందు అందరూ ఆడవాళ్లే. నాన్న గోడ పక్కన తల దించుకుని నిలబడిపోయారు. ఒకావిడ తన సంచి ఒళ్లోకి తీసుకుని "కూర్చోండి అన్నయ్యగారూ, మీకూ ఇక్కడేనా?" అంది. "ఆయ్, ఇక్కడేనండి" అన్నారు. ఆవిడెవరో తెలియదు గానీ, నాన్న టెన్షన్ సగం అక్కడే తీరింది.

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తర్వాత సూదితో ముక్క తీసి క్యాన్సరేనని తేల్చారు. హార్మోన్ల తేడాతో మగవాళ్లకి రొమ్ము ఉబ్బడం మామూలేనట, అది క్యాన్సర్ కాదు. రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి నూటికి ఒకటికి మించవని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులకీ పాకింది కాబట్టే కీమో, రేడియేషన్. గడ్డకి ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ ఉంది, మగవాళ్లలో ఎక్కువమందికి అంతేనట. అందుకే కనీసం 5 ఏళ్లు రోజూ ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "అమ్మగారికా అండీ?" అంటే, ఇప్పుడు నాన్నే ముందుకొచ్చి "నాకేనయ్యా" అంటున్నారు.

ఆరోగ్యశ్రీ కాగితాలన్నీ దగ్గరుండి చూసిన ఆరోగ్యమిత్రకి, మా కొబ్బరికాయ అంబాజీపేట మార్కెట్‌కి తోలి, వెయ్యి కాయ రేటు ఫోన్లో చెప్పి మరీ అమ్మిన పక్కతోట బాబాయికి దండాలు ఎలా చెప్పాలో తెలియట్లేదు. కిరాయి కూడా తీసుకోలేదు ఆయన.

ఇంకో విషయం. ఈ జబ్బొచ్చిన మగవాళ్లు జన్యు పరీక్ష చేయించుకోవాలని డాక్టరుగారు రాశారు. నాన్న రక్తంలో బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మార్పు కనబడింది. అది పిల్లలకీ ఉండడానికి సగానికి సగం అవకాశం, తోబుట్టువులకీ అంతే. అక్కా నేనూ రక్తం ఇచ్చొచ్చాం. అత్తయ్యలూ, బాబాయిలూ, మీరు ఫోన్ చేస్తే రిపోర్టు పంపిస్తాను, డాక్టరుకి అదే చూపించండి.