గ.సా.భా. గుర్తుందా?

ఒరేయ్ లాగరిథం,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. అందరం క్షేమం. అమ్మ మోకాలు పరవాలేదు, ఇల్లు ఇంకా మారలేదు, నీ బాకీ ఇంకా తీర్చలేదు. వార్తలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నానని రాశాను కదా. మన ఇంటర్ లాంటిది కాదురా ఇది. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7 పాయింట్లు. 4,000 పదాల వ్యాసం, జ్ఞాన సిద్ధాంతం అనే కోర్సు కలిపి ఇంకో 3. మొత్తం 45. లెక్కల్లో ‘ఎక్స్‌ప్లొరేషన్’ అని ఒకటి ఉంటుంది. పిల్లలే ఏదో ఒక విషయం ఎంచుకుని 12 నుంచి 20 పేజీలు రాయాలి. ఆ సబ్జెక్టులో 20 శాతం దానిదే. మీ కాలేజీలో ఇది పెడితే పిల్లలకంటే ముందు నువ్వే సెలవు పెడతావు.

గచ్చిబౌలిలో ఒక అమ్మాయికి చెబుతున్నాను. వాళ్లమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఆ ఇరవై పేజీలూ మీరే రాసిపెట్టండి, ఫీజు సంగతి చూసుకుందాం" అన్నారు. బయటపడితే ఆ సబ్జెక్టుకు గ్రేడే ఇవ్వరు, డిప్లొమా మొత్తం పోతుందని చెప్పాను. ఆవిడ ముఖం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. నాకోసం తెచ్చిన కాఫీ కూడా ఆవిడతోనే వెళ్లిపోయింది!

అమ్మాయి మొదట బాస్కెట్‌బాల్ పారాబొలా, అదే బంతి గాల్లో గీసే వంపు, అంది. ప్రతి రెండో పిల్లవాడూ రాసేదే. నేనేమీ అనలేదు. ధనుర్మాసం కదా, తెనాలి నుంచి వాళ్ల నానమ్మ వచ్చి ఫ్లాటు గుమ్మం ముందు మెలికల ముగ్గు వేస్తున్నారు. ఈ పిల్ల పక్కన కూర్చుంది. "నిలువుకు నాలుగు చుక్కలు పెడితే అడ్డానికి అయిదు పెట్టు, ఒక్క గీతతో అయిపోతుంది. సమానంగా పెడితే కాదు" అన్నారట ఆవిడ. ఎందుకు కాదని ఈమెకు పురుగు తొలిచింది.

మర్నాడు నేను వెళ్లేసరికి నోటుపుస్తకం నిండా చుక్కలే. కాలిక్యులేటర్ మీటల సందుల్లో తెల్లటి పిండి! మూడు మూళ్ల చుక్కలకు మూడు గీతలు, నాలుగు ఆర్లకు రెండు, ఆరు తొమ్మిదులకు మూడు. "తేడా ఎంతో అన్ని గీతలు సార్" అంది. "మరి మూడు మూళ్లకో?" అన్నాను. "సమానమైతే వేరే లెక్క" అంది. మూడు అయిదుల ముగ్గు వేసి చూడమన్నాను. తేడా రెండు, గీత ఒక్కటే వచ్చింది. పెన్సిలు విసిరికొట్టింది.

ఇక్కడుంది చూడు నా పాట్లు. జవాబు నా నాలుక చివర ఉంది, చెప్పకూడదు. ఆ ఆలోచన ఆమెదే కావాలి. మన లెక్కల మాస్టారు ‘కసాయి గురువు’ బెత్తం పట్టుకుని మన చేత వల్లె వేయించిన జవాబే కదరా! గ్లాసెడు నీళ్లు తాగాను. ఇంకో గ్లాసు తాగాను. కిటికీలోంచి, బయట పోస్తున్న స్లాబు కూడా చూశాను. "సార్, కొంచెం క్లూ" అంటుంది. "ఇంకొన్ని వెయ్" అంటాను. పరమ దుర్మార్గుడిలా కనిపించి ఉంటాను.

ఆరు పదులకు రెండు వచ్చాక పెన్సిలు ఆగిపోయింది. ఆరూ పదీ, నాలుగూ ఆరూ అని గొణుక్కుంది. హఠాత్తుగా, "హైయెస్ట్ కామన్ ఫ్యాక్టర్ సార్! రెంటినీ భాగించే అతి పెద్ద సంఖ్య ఎంతో, అన్ని గీతలు!" అంది.

"గ.సా.భా.!" అని అరిచాను. ఎంత గట్టిగా అంటే నానమ్మగారు గరిటెతో వచ్చేశారు. సంగతి విని, "దీనికి మార్కులిస్తారా నాయనా?" అన్నారు. సొంత ఆసక్తికి 3, గణితానికి 6 అని చెప్పాను. "మరి ముగ్గుకో?" అన్నారు. ఏం చెప్పను?

వాళ్లమ్మగారు... ఆవిడ సంగతి ఇంకోసారి. ఈసారి కాఫీ మాత్రం నా దాకా వచ్చింది.

నిరూపణ ఇంకా మిగిలి ఉంది. గీత చుక్కల అంచుకు తగిలి వెనక్కి తిరిగే చోట్లు లెక్కపెడుతోంది, దారి మంచిదే. నువ్వూ ప్రయత్నించు, కానీ నాకు ఫోన్ చేసి చెప్పకు, నోరు జారుతాను. బెల్లు మోగుతోంది, ఆరింటి కుర్రవాడు వచ్చాడు. ఉంటాను.