తోపు సంగతి ఏమైంది నాన్నా?

చిన్నబాబుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నగారి మోకాలు ఈ వానలకి మళ్లీ వాచింది, ఆముదం కాచి రాస్తున్నాను. నీ దగ్గు తగ్గిందా? బెంగళూరు చలిలో కిటికీ తీసి పడుకోవద్దంటే వినవు. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, తర్వాత చేస్తానంటావు, చెయ్యవు. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పెడితే నువ్వెలా ఉన్నావో నాకేం తెలుస్తుంది? అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మొన్న గజపతినగరం సంతలో సింహాద్రి మావయ్య ఏదో విన్నాడట. మన తోపు ప్లాట్లకి ఇచ్చేస్తున్నామని, పెద్దోడు ఊఁ అన్నాడని, నువ్వు కూడా ఫోన్‌లోనే సరే అన్నావని. నేను నమ్మలేదు. సంతలో సవాలక్ష అనుకుంటారు. దాని గురించి రాయడం లేదులే.

దసరా దగ్గరకొచ్చింది. విజయనగరంలో పైడితల్లమ్మ పండగ పనులు మొదలయ్యాయి. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను, ఇప్పుడే సెలవు అడుగు. పొడవాటి చింతమాను చివర పూజారిగారు కూర్చుని ఊరేగే ఆ సిరిమాను పాప ఇంతవరకు చూడనేలేదు. బొబ్బిలి యుద్ధం తర్వాత, విజయదశమి నాడు, పతివాడ అప్పలనాయుడు పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహం పైకి తెచ్చారని దానికి కథలా చెప్పు. మాను ముందు బెస్తవారి వల ఎందుకు నడుస్తుందని అడుగుతుంది. నీళ్లలో వెతికి అమ్మని తేవడానికి సాయపడింది వాళ్లేనని చెప్పు. సిరిమానుకి ముందురోజు తొలేళ్ల రాత్రి రైతులకి విత్తనాలు పంచుతారు కదా, ఆ గుప్పెడు గింజలు మన విత్తనాల్లో కలపందే నాన్నగారు ఇప్పటికీ చల్లరు. తెప్పోత్సవం మళ్లీ ఆ చెరువులోనే. చెరువూ చెట్టూ విత్తనమూ కలిస్తేనే ఆ తల్లి పండగ.

ఏటా చింతమాను కొట్టే పండగకి వెళ్తూ మన తోపు మీద ఇంత బెంగేమిటి అంటావు, నాకు తెలుసు. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి అన్నావు కూడా. నాకు పెళ్లయిన కొత్తలో మా కన్నవారి కళ్లంలో చెట్టే సిరిమానుకి వెళ్లింది. పూజారిగారికి అమ్మవారు కలలో కనిపించి చెట్టున్న దిక్కు చెప్తుంది కదా, అలా వెతుక్కుంటూ వచ్చారు. మా కళ్లంలో రెండు చింతలు. తూర్పుది నిటారుగా ఉండేది. నా పెళ్లి గొలుసు ఆ చెట్టు కాయ అమ్మిన డబ్బుతో చేయించిందే. మా నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి తలస్నానం చేసి వచ్చి, మొదటి పసుపు తనే రాసింది. ఊళ్లో ఆడవాళ్లు తలో బిందె నీళ్లు తెచ్చి మొదట్లో పోశారు, బొట్లు పెట్టారు, కొత్త చీర చుట్టారు. గొడ్డలి పడేముందు పూజారిగారు చెట్టుకి దండం పెట్టి సెలవు అడిగారు. పిట్టలు ఎగిరిపోయేదాకా ఆగమంది నాయనమ్మ. ఆగారు. కూలిన మాను మీద ఒక్కరూ కాలు పెట్టలేదు. బండి మీద కట్టి తీసుకెళ్తుంటే ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు ఊరంతా పొలిమేర దాకా వెనక నడిచింది. ఆ మంగళవారం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఇరుక్కుని చూశాం. అరవై అడుగుల మాను, చివర పూజారిగారు, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు. అందరూ పైకి చూస్తూ అరటిపళ్లు విసురుతుంటే నాయనమ్మ మాత్రం మాను మొదలు చూపించి "మా కళ్లంది" అని పక్కవాళ్లందరికీ చెప్పుకుంది. తొలకరికి మా నాన్న ఆ గోతి పక్కనే చింత మొక్కలు నాటారు. మావయ్య నాకు పంపే చింతపండు ఇప్పుడు వాటిదే.

అలా అడిగి, మొక్కి, మళ్లీ నాటి తీసుకున్న చెట్టు అది. జేసీబీ తెచ్చి ఒక్క పూటలో తోపంతా చదును చేయడం దానితో సమానమా? తోపులో మన వేపచెట్టు మొదట్లో గ్రామదేవత మరిడమ్మ ఉంది. ఆ ప్లాట్ల వాళ్లు రోడ్డు పక్కన సిమెంటు గుడి కట్టిస్తామన్నారట. ఆషాఢంలో ఘటాలు ఎక్కడికి తీసుకెళ్లాలి, ఆ రోడ్డు మీదకా? 2014లో హుద్‌హుద్‌ తుఫాను వచ్చిన రోజు మన పెంకులన్నీ లేచిపోయినా ఇల్లు నిలబడిందంటే గాలిని ఆ తోపు ఆపబట్టే. నాన్నగారు పార్వతీపురంలో పనిచేసినప్పుడు చూశాను, కొండల్లో జాతాపులు, సవరలు అనే గిరిజనులు మామిడి కొత్త పండగ చేసి అమ్మవారికి పెట్టందే కొత్త కాయ కొరకరు. చెట్టు దగ్గర తీసుకునేవాడికి ఆ మాత్రం భయభక్తులుండాలి. చదువుకున్నవాడివి, నీకు ఇంతకంటే చెప్పాలా? చెప్పకూడదనుకుంటూనే చెప్తున్నాను.

నాకు అసలు టెన్షన్ తోపు గురించి కూడా కాదు. డబ్బుకి ఇబ్బంది పడుతున్నావా? ఫ్లాట్ లోన్ బరువైందా? ఉద్యోగం సరిగ్గా ఉందా? అందుకే ఫోన్ తియ్యడం లేదా? ఏదైనా ఉంటే నాతో చెప్పు, నాన్నగారికి తర్వాత నేను చెప్పుకుంటాను. నా గాజులు బీరువాలో ఊరికే ఉన్నాయి. కోడలు కూడా ఈ మధ్య పొడిపొడిగా మాట్లాడుతోంది. వేళకి తింటున్నారా? పాపకి నువ్వులుండ పెట్టు, చాక్లెట్లు తగ్గించు.

పార్సిల్‌లో చింతకాయ పచ్చడి, అప్పడాలు, నీకు దగ్గుకి మిరియాల పొడి పెట్టాను. పచ్చడి సీసా మూత గట్టిగా బిగించాను, జాగ్రత్తగా తియ్యి. తడి చెంచా పెట్టకు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదికి ఫోన్ చెయ్యి, అప్పుడు నాన్నగారు పొలంలో ఉంటారు. సంతకం పెట్టావో లేదో ఆ ఒక్క మాట ముందు చెప్పు. పెట్టకపోతే పెద్దోడితో నేను మాట్లాడతాను.

అమ్మ