మగవారికి సరిపోయే పరీక్ష ఆడవారికి చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో 22 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. సుఖవ్యాధుల మాట పత్రికలో ఎత్తడానికి మనవాళ్లు మొహమాటపడతారని తెలిసినా, ఆ మొహమాటం వల్ల ఎక్కువగా నష్టపోతున్నది ఆడవాళ్లేనని రోజూ చూస్తున్నాను గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సెగవ్యాధి, అంటే గనోరియా, సోకిన మగవాడికి సాధారణంగా వారం లోపే మూత్రంలో మంట, చీము మొదలవుతాయి. ఆ చీమును గాజు పలక మీద రాసి, గ్రామ్ స్టెయిన్ చేసి, అంటే క్రిములు కనబడేలా రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే నూటికి 95 మందిలో జబ్బు అప్పటికప్పుడే తేలిపోతుంది. అదే పరీక్షను ఆడవారి గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాకు చేస్తే దాదాపు సగం కేసులు తప్పిపోతాయి. పైగా ఈ జబ్బున్న ఆడవారిలో ఇంచుమించు సగం మందికి ఏ బాధా తెలియదు. క్లమీడియా అనే మరో సుఖవ్యాధిలో అయితే నూటికి 70 మంది ఆడవారికి తెలియదు, ఆ క్రిమి గ్రామ్ స్టెయిన్‌లో అసలే కనబడదు. వైద్యం అందకపోతే జబ్బు గర్భసంచిలోకి, ట్యూబుల్లోకి పాకి పిల్లలు పుట్టకుండా చేయవచ్చు. అప్పుడు గొడ్రాలన్న మాట పడేది కూడా ఆమే.

ఈ మధ్య ఒక ఇల్లాలు మూడు పాత రిపోర్టులతో వచ్చింది. మూడూ మూత్ర పరీక్షలే. చీము కణాలున్నాయి, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగుతూ నెలలు గడిపింది. డాక్టరమ్మ దూదిపుల్లతో యోని స్రావం నమూనా (స్వాబ్) తీసి పంపగా, ఉప్పునీటి చుక్కలో కలిపి వెంటనే చూశాను: చీము కణాల మధ్య ట్రైకోమోనాస్ అనే సుఖవ్యాధి క్రిములు గిలగిలా కదులుతున్నాయి. ఆ పలకను కాసేపు పక్కన పెట్టి ఉంటే కదలిక ఆగి అవీ చీము కణాల్లాగే కనిపించేవి, నేనూ ‘నార్మల్’ అనే రాసి ఉండేవాణ్ణి. ఆమె భర్త సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తాడు. మగవారిలో ఈ క్రిమి చాలావరకు ఏ బాధా పెట్టదు గనుక అతనికి అనుమానమే లేదు; అతనికీ మందు అందకపోతే, పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు మళ్లీ అంటుకుంటుంది.

సుఖవ్యాధులకు వైద్యం చేసే సర్కారీ సురక్ష క్లినిక్కుల్లో లక్షణాలను బట్టి రంగురంగుల మందుల కిట్లు ఏళ్ల తరబడి ఉచితంగా ఇస్తున్నారు. చీముతో వచ్చిన మగవాడికి అదే రోజు మందు దొరకడం నిజంగా గొప్ప మేలు. అయితే తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెగవ్యాధికి గానీ క్లమీడియాకు గానీ పనిచేసే మందు లేదు. స్పెక్యులం అనే పరికరం పెట్టి గర్భాశయ ముఖద్వారం చూస్తేనే, ఆ రెంటికీ మందులున్న బూడిదరంగు కిట్ అవసరమని తెలుస్తుంది, రద్దీలో ఆ చూడడమే జరగడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు వీలైన చోట క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే మాలిక్యులర్ పరీక్షలు చేయమంటున్నాయి. క్షయ పరీక్షకు వాడుతున్న జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలోనే వేరే కార్ట్రిడ్జి (నమూనా వేసి పెట్టే చిన్న డబ్బా) పెడితే గనోరియా, క్లమీడియా రెండూ దాదాపు 90 నిమిషాల్లో తెలుస్తాయి. యంత్రం ఉన్న ప్రతి సరిహద్దు జిల్లా ఆసుపత్రికీ ఆ కార్ట్రిడ్జిలు ఇవ్వాలని ఒడిశా ఆరోగ్యశాఖను కోరుతున్నాను. దీనికి ఆడవారు స్వాబ్‌ను చాటున తామే తీసుకుని ఇవ్వవచ్చు. సిగ్గుపడి వెనుదిరిగిపోయేవారికి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు.

ఇంకొక మాట. తెల్లబట్ట అవుతోందని మన తెలుగు ఆడవాళ్లు చెబితే ఒడియా మాత్రమే తెలిసిన కౌన్సెలర్‌కు అర్థం కాదు. వెంట వచ్చిన అత్తగారో, ఒడియా బడిలో చదివే కొడుకో మధ్యలో నిలబడి చెప్పాలి. వాళ్లెదుట ఆమె నోరు విప్పదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ క్లినిక్కుల్లో తెలుగు వచ్చిన మహిళా కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు మగవారు గంటసేపు మూత్రం ఆపుకుని, మధ్యలో వచ్చేది కాక మొదట వచ్చే మూత్రమే పట్టి ఇవ్వాలన్న సూచనను తెలుగులో కూడా గోడ మీద రాయించాలి.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా